పేరు మనది, డాక్ ఎవరిది?

మొన్నామధ్య ఒక ఆదివారం పొద్దున్నే ఫ్రెండ్ ఫోన్ చేశాడు. "అరే, ఒకసారి మా అబ్బా షాపు దాకా రా. మెయిల్ పోయింది" అన్నాడు. వాడూ నాతో పాటే ఇంజనీరింగ్ చదివాడు, కాకపోతే సివిల్. మనం సాఫ్ట్‌వేర్ అనగానే ప్రింటర్ రిపేరు దగ్గర్నుంచి టీవీ ట్యూనింగ్ దాకా అన్నీ వచ్చేమో అనుకుంటారు కదా, ఇదీ అలాంటిదే అయ్యుంటుంది, పాస్‌వర్డ్ మర్చిపోయి ఉంటారు, పది నిముషాల పని అనుకుంటూ బండి తీశాను.

వాళ్ళ షాపు పాతబస్తీలో, ఛత్తా బజార్‌లో. హైదరాబాదీలకి చెప్పక్కర్లేదు. మిగతా వాళ్ళ కోసం: పెళ్ళి కార్డులు, విజిటింగ్ కార్డులు, లెటర్‌హెడ్‌లు, ఏది ప్రింట్ చేయించాలన్నా వెళ్ళే బజారు అది. కంప్యూటర్లు రాకముందు ఉర్దూని చేత్తో అందంగా రాసే కాతిబ్‌లు కూర్చునేది కూడా అక్కడే. చాచా వాళ్ళ తాత అలాంటి కాతిబ్. చాచాది ఇప్పుడు ఆఫ్‌సెట్ ప్రెస్సు.

పది నిముషాల పని కాదని వెళ్ళాక తెలిసింది.

తొమ్మిదేళ్ళ క్రితం ఎవరో వచ్చి షాపు పేరు మీద వెబ్‌సైటూ, ఆ పేరుతోనే ఈమెయిలూ చేసిపెట్టారు. ఏటా వచ్చి డబ్బులు పట్టుకెళ్ళేవారు. తర్వాత వాళ్ళు ఆఫీసు ఖాళీ చేసేశారు, ఫోన్ స్విచాఫ్. డొమైన్ ఎవరి పేరు మీద ఉందయ్యా అని చూస్తే వాళ్ళ పేరు మీదే. రిన్యూవల్ గుర్తుచేసే మెయిళ్ళన్నీ వాళ్ళకే వెళ్ళాయి, కట్టింది ఎవరూ లేరు. డాట్ కామ్ లాంటి వాటికి గడువు తీరాక రిజిస్ట్రార్ 45 రోజుల దాకా గ్రేస్ ఇవ్వొచ్చు, తర్వాత 30 రోజులు రిడెంప్షన్, ఆపైన 5 రోజులు పెండింగ్ డిలీట్. అవన్నీ దాటిపోయాయి. ఇంకెవరో కొనేసుకున్నారు. ఇప్పుడా పేరు కొడితే రమ్మీ ఆడమని ప్రకటన వస్తోంది.

సైటు పోతే పోయింది, అదెవరు చూస్తారు. కానీ జెద్దాలో ఉండే పాత కస్టమర్ ఒకాయన కూతురి పెళ్ళి కార్డు మ్యాటర్ ఆ పాత మెయిల్‌కి పంపాడట. పదిరోజులు చూశాడు. జవాబు లేదు. చాచాకి మనం అక్కర్లేదేమోలే అనుకుని వేరేచోట వేయించుకున్నాడు. ఆ ఇంట్లో మూడు తరాల పెళ్ళి కార్డులు ఈ షాపులో అచ్చయ్యాయి. డబ్బు పోయినందుకు కాదు, "మేం జవాబివ్వలేదనుకున్నారు" అన్నదే చాచా బాధ.

నేను డొమైన్ అంటే ఏంటో వివరించబోయాను. ఆయన మధ్యలోనే ఆపి, "ఐసా కైసా బేటా? నామ్ హమారా, దుకాన్ హమారీ, పతా కిసీ ఔర్ కా?" అన్నారు. పేరు మాది, కొట్టు మాది, అడ్రసు మాత్రం ఇంకెవరిదోనా అని. నాలుగేళ్ళ ఇంజనీరింగ్, ఇన్నేళ్ళ ఉద్యోగం, దీనికి నా దగ్గర చటుక్కున జవాబు లేదు.

చాయ్ వచ్చింది. చాచా లోపల్నుంచి ఒక రేకు డబ్బా తెచ్చారు. వాళ్ళ తాతకి వచ్చిన ఉత్తరాలు. అందులో రెండు కవర్లు నన్ను పట్టేశాయి. ఒకటి ఔరంగాబాద్ నుంచి వచ్చింది, దాని మీద చార్మినార్ బొమ్మ ఉన్న ఒక అణా నిజాం స్టాంపు. రెండోది బెజవాడ నుంచి వచ్చిన కాగితం వ్యాపారి ఉత్తరం, దాని మీద జార్జి రాజుగారి తల. హైదరాబాద్ నుంచి ఔరంగాబాద్ 500 కిలోమీటర్ల పైమాట, బెజవాడ అందులో సగం. అయినా దూరంగా ఉన్న ఔరంగాబాద్ "మన" డాక్, దగ్గరున్న బెజవాడ "బయటి" డాక్. ఎందుకంటే ఔరంగాబాద్ నిజాం రాజ్యంలోది, బెజవాడ మద్రాసు ప్రెసిడెన్సీలోది.

చాచా ప్రశ్నకి జవాబు ఆ డబ్బాలోనే ఉందనిపించింది. ఇంటికొచ్చాక రెండు మూడు రాత్రులు దీనిమీదే కూర్చున్నాను.

హైదరాబాద్ రాజ్యానికి సొంత పోస్టల్ వ్యవస్థ ఉండేది. మొదటి స్టాంపు 1869లో వచ్చింది. ఆలివ్ ఆకుపచ్చ రంగు ఒక అణా స్టాంపు, ప్లేట్లు లండన్‌లో తయారయ్యాయి. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే అఫ్జల్ ఉద్దౌలా చనిపోయి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ గద్దెనెక్కాడు. అప్పటికి ఆయనకి మూడేళ్ళు కూడా నిండలేదు. పాలన నడిపింది దివాన్ మొదటి సాలార్‌జంగ్. ఆయన ఉన్న దివాన్ దేవ్‌డీ ఎక్కడో కాదు, ఈ ఛత్తా బజార్ పక్కనే. పాత కమాన్లు తప్ప అక్కడ ఇప్పుడు పెద్దగా ఏం మిగల్లేదు. అంటే చాచా షాపు నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో నూట యాభై ఏళ్ళ క్రితమే ఒకాయన కూర్చుని "మన డాక్ మనకుండాలి" అనుకున్నాడన్నమాట.

నిజాం స్టాంపుల మీద ఉర్దూ, ఇంగ్లీషుతో పాటు తెలుగు, మరాఠీ అక్షరాలు కూడా వేశారు. 1931లో బొమ్మల స్టాంపులు వచ్చాయి: అణాకి చార్మినార్, రెండణాలకి హైకోర్టు, నాలుగణాలకి ఉస్మాన్‌సాగర్, ఎనిమిదణాలకి అజంతా గుహల ద్వారం. 1937 సిల్వర్ జూబ్లీ స్టాంపుల్లో ఉస్మానియా ఆసుపత్రి, చార్మినార్ పక్కనున్న యునానీ ఆసుపత్రి కూడా ఉన్నాయి. ఈసారి నయాపూల్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు అటూ ఇటూ చూడండి. మూసీకి ఒక ఒడ్డున రెండణాల స్టాంపు, ఇంకో ఒడ్డున ఎనిమిది పైసల స్టాంపు కనపడతాయి. (ఆ పైసలు మన పైసలు కావు లెండి, అణాకి పన్నెండు.)

ఇంతవరకూ అంతా దర్జాగానే ఉంది. చిక్కు ఎక్కడంటే, ఈ స్టాంపు రాజ్యం పొలిమేర దాటితే చెల్లదు. నిజాం ప్రపంచంలోనే అతి ధనవంతుడైతే కావచ్చు, ఆయన స్టాంపు అతికించిన ఉత్తరం బెజవాడ వెళ్ళదు. బయటికి పంపాలంటే బ్రిటిష్ ఇండియా స్టాంపు కావాల్సిందే. అందుకే రాజ్యంలోనే బ్రిటిష్ వాళ్ళ పోస్టాఫీసులు కూడా నడిచేవి, సికింద్రాబాద్ కంటోన్మెంట్ లాంటి చోట్ల. ఒకే ఊరు, రెండు డాక్‌లు.

సంస్థానాలన్నీ ఇలాగే చేశాయా అంటే, లేదు. పటియాలా, గ్వాలియర్, నాభా, జీంద్, చంబా, ఫరీద్‌కోట్, ఈ ఆరూ 1884 నుంచి 1887 మధ్యలో బ్రిటిష్ వాళ్ళతో పోస్టల్ ఒప్పందం చేసుకున్నాయి. వీటిని కన్వెన్షన్ స్టేట్స్ అంటారు. ఆ ఒప్పందం కింద వీళ్ళు సొంత స్టాంపు గీయించుకోలేదు. బ్రిటిష్ ఇండియా స్టాంపు మీదే తమ సంస్థానం పేరు అచ్చు గుద్దించుకున్నారు. ఆ స్టాంపు దేశం మొత్తం చెల్లేది. పేరు పటియాలాది, మోత ఇంపీరియల్ పోస్టుది.

ఇది చదువుతుంటే మీకేమైనా గుర్తొస్తోందా? నాకైతే వెంటనే వచ్చింది. డొమైన్ మనది పెట్టుకుని, మెయిల్ మోయడం పెద్ద కంపెనీకి అప్పజెప్పడం అంటే పటియాలా పద్ధతే కదా! సొంతంగా మెయిల్ సర్వర్ పెట్టుకుని నడపడం నిజాం పద్ధతి. ఇక మూడోది, మనలో చాలామందిది: జీమెయిల్ అడ్రసు. అందులో మన రాజ్యమూ లేదు, అచ్చు గుద్దిన పేరూ లేదు. రాజుగారి తలే మన కవరు మీద.

ఈమెయిల్ చరిత్రలో కూడా సరిగ్గా ఇలాంటి మలుపే ఒకటుంది. 1971లో రే టామ్లిన్సన్ "@" గుర్తు పెట్టి మొదటి నెట్‌వర్క్ మెయిల్ పంపినప్పుడు, ఆ గుర్తు తర్వాత ఉండేది ఒక మెషీన్ పేరు. ఫలానా మనిషి, ఫలానా మెషీన్ దగ్గర. మెషీన్ మారితే అడ్రసూ మారాల్సిందే. 1983లో పాల్ మొకాపెట్రిస్ డీఎన్ఎస్ డిజైన్ చేశాడు. 1986 జనవరిలో క్రెయిగ్ పార్ట్‌రిడ్జ్ రాసిన ఆర్ఎఫ్‌సీ 974లో ఎంఎక్స్ రికార్డుల వాడకం ఖరారైంది. మనం రోజూ చూసే రికార్డే కాబట్టి ఇందులో పెద్ద విశేషం ఏముందీ అనిపిస్తుంది గానీ, అది చెప్పిందల్లా ఇదే: "ఈ పేరుకి వచ్చే మెయిల్‌ని ఆ మెషీన్‌కి ఇవ్వండి". పేరు వేరు, మోసేవాడు వేరు అయ్యింది అప్పుడే. మోసేవాడు నచ్చకపోతే ఒక రికార్డు మారిస్తే చాలు, పేరు మారక్కర్లేదు.

ఇది తెలియకో, అప్పట్లో వేరే దారి లేకో, మనవాళ్ళు చాలాకాలం అద్దె అడ్రసులే వాడారు. వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్‌ని మామూలు జనానికి తెరిచింది, ముందు నాలుగు మహానగరాల్లో, తర్వాత మన ఊళ్ళో. మా నాన్న పాత విజిటింగ్ కార్డు మీద హెచ్‌డీ1 డాట్ వీఎస్ఎన్ఎల్ డాట్ నెట్ డాట్ ఇన్ అని ఉంటుంది. ఆ హెచ్‌డీ1 ఏంటి? హైదరాబాద్‌లో ఒక సర్వరు. అంటే 1986లో తీరిపోయిన సమస్యని పదేళ్ళ తర్వాత కూడా మనం కార్డుల మీద అచ్చేసుకుని తిరిగాం. 2002లో వీఎస్ఎన్ఎల్ టాటాల చేతికెళ్ళింది, 2008లో పేరే మారిపోయింది. అప్పటి కార్డుల మీది అడ్రసులు ఇప్పుడు ఎవరికి పనికొస్తాయి?

సొంత పేరు మామూలు వాళ్ళకి అందింది ఆ తర్వాతే. 2005లో డాట్ ఇన్ డొమైన్లు అందరికీ తెరిచారు. 2006 ఆగస్టులో గూగుల్ "మీ డొమైన్‌కి మా మెయిల్" అని ఉచితంగా ఇవ్వడం మొదలెట్టింది. ఎంతమంది తెలుగువాళ్ళు ఇంటిపేరు మీద డొమైన్ కొనేసి ఇంటిల్లిపాదికీ మెయిల్ పెట్టారో! 2012 డిసెంబర్‌లో కొత్తవాళ్ళకి ఉచితం ఆపేశారు. 2022 జనవరిలో పాతవాళ్ళు కూడా డబ్బు కట్టాలన్నారు, గోల జరిగాక సొంతానికి వాడుకునే వాళ్ళని వదిలేశారు. ఇక్కడ చూడాల్సింది ఒకటుంది. ఆ 2022 గోలలో నచ్చనివాళ్ళు డొమైన్ పట్టుకుని వేరే సర్వీసుకి వెళ్ళిపోగలిగారు, అడ్రసు మారకుండా. ఉత్త జీమెయిల్ అడ్రసు ఉన్నవాడికి ఆ వీలు లేదు.

సరే, చాచా సంగతికొద్దాం. పాత పేరు ఎలాగూ రాదు. దగ్గరగా ఉండే కొత్త పేరు వెతికాం. మొదటి పని, రిజిస్ట్రార్ దగ్గర అకౌంటు చాచా పేరు మీద, చాచా ఫోన్ నంబరు మీద, చాచా కార్డుతో తెరిచాం. నా పేరు ఎక్కడా పెట్టలేదు. ఫ్రెండ్ "నీ అకౌంట్లోనే పెట్టరా, నువ్వే చూసుకుంటావుగా" అన్నాడు. తొమ్మిదేళ్ళ క్రితం ఇంకొకడు కూడా అలాగే చూసుకుంటానన్నాడు కదా! ఇంకో జాగ్రత్త కూడా ఉంది. రిజిస్ట్రార్ అకౌంటుకి ఇచ్చే మెయిల్ అదే డొమైన్ మీది కాకూడదు. ఇంటి తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపు వేసుకున్నట్టు అవుతుంది.

రెండోది ఎంఎక్స్. మెయిల్ సర్వీసు వాళ్ళు ఇచ్చినవి డీఎన్ఎస్‌లో పెట్టడమే. చిన్న నంబరున్న దానికి ముందు ప్రయత్నిస్తారు, అది అందకపోతే పెద్ద నంబరుకి. పాత హోస్టింగ్ తాలూకు ఎంఎక్స్ ఏదైనా మిగిలి ఉంటే తీసెయ్యాలి, లేకపోతే కొన్ని మెయిళ్ళు అటు పోతాయి.

మూడోది పొలిమేర దాటించడం. నిజాం స్టాంపుకి వచ్చిన చిక్కే ఇది. మన పేరు మనకి గొప్పే, అవతలి పోస్టాఫీసు ఒప్పుకోవాలి కదా. దీనికి మూడు కాగితాలు. ఎస్‌పీఎఫ్: నా పేరు మీద మెయిల్ పంపే హక్కు ఈ సర్వర్లకే ఉంది అని డీఎన్ఎస్‌లో చాటింపు. డీకిమ్: ప్రతి మెయిల్ మీదా ప్రైవేట్ కీతో వేసే సంతకం, సరిచూసుకునే పబ్లిక్ కీ డీఎన్ఎస్‌లో ఉంటుంది. డీమార్క్: ఈ రెండింట్లో ఏదీ మన పేరుతో సరిపోలకపోతే ఏం చెయ్యాలో అవతలివాడికి మనమిచ్చే సూచన. ముందు ఊరికే గమనించమని, కొన్నాళ్ళకి స్పామ్‌లో వెయ్యమని, చివరికి తిప్పి కొట్టమని. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పెద్దసంఖ్యలో మెయిళ్ళు పంపేవాళ్ళు ఈ మూడూ పెట్టి తీరాలన్నాయి. చాచా అంత పంపరు, కానీ లేకపోతే చిన్నవాళ్ళనీ అనుమానంగానే చూస్తారు.

ఇక్కడ నేనూ బోర్లా పడ్డాను. మెయిల్ సర్వీసుకి ఎస్‌పీఎఫ్ పెట్టాను, వెబ్‌సైటులో ఆర్డర్ ఫారం హోస్టింగ్ సర్వర్ నుంచి మెయిల్ పంపుతుందన్నది మర్చిపోయాను. ఆ ఫారం మెయిళ్ళన్నీ మూడు రోజులు స్పామ్‌లోకి పోయాయి. పైగా దిద్దబోయి రెండో ఎస్‌పీఎఫ్ రికార్డు పెట్టాను. ఒక డొమైన్‌కి ఒకటే ఉండాలి, రెండుంటే రెండూ చెల్లవు. ఆఫీసులో జూనియర్లకి ఇవన్నీ క్లాసు పీకేవాణ్ణి నేనే! చివరికి రెండిటినీ కలిపి ఒకే రికార్డు చేశాక సర్దుకుంది.

"మరి నిజాంలా పూర్తిగా మన సర్వరే పెట్టుకోవచ్చుగా?" అని ఫ్రెండ్ అడిగాడు. పెట్టుకోవచ్చు. నేను కాలేజీలో పెట్టాను కూడా. మెయిల్ పంపితే పొలిమేర దాటేది కాదు, ఎందుకంటే ఆ ఐపీ అడ్రసుని అంతకుముందు ఎవడో స్పామ్‌కి వాడి చెడగొట్టాడు. పెళ్ళి కార్డులు వేసుకునే మనిషికి ఆ కాపలా ఉద్యోగం ఎందుకు?

పోలిక అన్నిచోట్లా అతకదని నాకూ తెలుసు. మనం డొమైన్ "కొన్నాం" అంటాం గానీ నిజానికది కొనడం కాదు, ఏడాదికో పదేళ్ళకో లీజు. కట్టడం మానేస్తే పోతుంది, చాచాకి పోయినట్టే. ఇక సంస్థానాల సంగతి చూస్తే, సొంత స్టాంపు వేసుకున్న నిజామూ, పేరు గుద్దించుకున్న పటియాలా కూడా చివరికి ఒకచోటికే వచ్చారు. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగింది. ఆ తర్వాత కూడా ఏడాదిన్నర పాటు హైదరాబాద్ స్టాంపులు నడిచాయి. 1950 ఏప్రిల్ 1 నుంచి వాటి స్థానంలో భారత స్టాంపులు వచ్చేశాయి. అంతటితో హైదరాబాద్ స్టాంపు ఆల్బమ్‌లోకి వెళ్ళిపోయింది. కానీ ఛత్తా బజార్ అనే పేరుకీ, చాచా తాతగారి పేరుకీ ఏం కాలేదు. డాక్ మారింది, అడ్రసు మారలేదు. పోస్టుమాన్ టోపీ మీద బిళ్ళ మారితే మారింది, ఉత్తరం ఆ కొట్టుకే వచ్చింది. 1972లో పిన్‌కోడ్ వచ్చాక చార్మినార్ 500002 అయింది, అంతే తేడా.

చాచా అడిగినదానికి ఇప్పుడు నేను చెప్పగలిగిన జవాబు ఇదే. మోసేవాడు ఎప్పుడూ ఎవరో ఒకడే ఉంటాడు, నిజాంకే తప్పలేదు. పేరు తాళంచెవి మాత్రం ఇంకొకడి జేబులో ఉండకూడదు.

మొన్న కొత్త విజిటింగ్ కార్డులు చాచాయే స్వయంగా అచ్చేసుకున్నారు. కిందటి వారం జెద్దా ఆయనకి కొత్త అడ్రసు నుంచి మొదటి మెయిల్ పంపించాం. ఆర్డరు కోసం కాదు, జరిగింది చెప్పి మన్నించమని, బిడ్డకి దుఆ చెప్తూ. ఉర్దూలో చాచా చెప్తుంటే ఫ్రెండ్ టైప్ చేశాడు. ఇన్‌బాక్స్‌లోకే వెళ్ళింది. మర్నాడు జవాబొచ్చింది. రెండోవాడి పెళ్ళి వచ్చే ఏడాదట.

చాచా వెళ్ళబోతున్న నన్ను ఆపి, 1871లోనే స్టాంపు మీద తెలుగు అక్షరాలుంటే మీ మెయిల్ అడ్రసు తెలుగులో ఎందుకు లేదని అడిగారు. డాట్ భారత్ అని తెలుగు లిపిలోనే డొమైన్ ఉంది చాచా, తీసుకోవచ్చు, కానీ ఇంకా చాలా ఫారాలు ఆ అడ్రసుని ఒప్పుకోవు అన్నాను. "అంటే పొలిమేర దాటదన్నమాట" అని నవ్వారు.

మీ ఇంట్లోనో, మీ మామయ్య కొట్టుకో, మీ ఊరి బడికో ఒక డొమైన్ ఉండే ఉంటుంది. ఈ వారం ఒకసారి లాగిన్ అయి, అది ఎవరి పేరు మీద ఉందో, గడువెప్పుడో చూడండి. లాగిన్ ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియకపోతే, ముందు ఆ పని చూడండి.